గెరిట్ బాబాయి వానకోటు

గెరిట్ బోస్మా డెబ్బయ్యేళ్ళ జీవితంలో దేన్నీ బాగుందని అన్న పాపాన పోలేదు. ఏది కంటబడినా, ఎవరేది పెట్టినా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే: "ఇదీ ఒక సూపా?" సూపు బదులు సూర్యోదయం ఎదురైతే "ఇదీ ఒక సూర్యోదయమా?" ఒకసారి పక్కింటివాళ్ళ పసిబిడ్డను చూడ్డానికి వెళ్ళి, తల్లి ఎదురుగా ఉందన్న మొహమాటం కొద్దీ కాస్త మెత్తబడి, "ఇదీ ఒక ముక్కా?" అని అంతటితో వదిలేశాడు.

పెళ్ళినాడూ ఇదే వరస. చర్చి హాల్లో కేకు కోసి మొదటి ముక్క నోట్లో పెట్టుకుని "ఇదీ ఒక కేకా?" అన్నాడట. ఆ కేకు చేసింది పెళ్ళికూతురే. మార్లిస్ పిన్ని చేతిలో కత్తి అలాగే పట్టుకుని "ఇదీ ఒక మొగుడా?" అందట. "ఆ పూటే ఒకళ్ళకొకళ్ళం పూర్తిగా అర్థమైపోయాం. ఇక కొత్తగా తెలుసుకోవలసింది ఏమీ మిగల్లేదు" అని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

ఇలాంటి మనిషి పక్కన కూర్చుని బేస్‌బాల్ చూడవలసిన ఖర్మ టెస్‌కి పట్టింది. టెస్ పిన్నికి అక్క కూతురు. పోర్ట్ హెండ్రిక్ ఊరి గ్రంథాలయంలో పని చేస్తుంది. నోట్లో నాలుక లేని పిల్ల. అక్కడికొచ్చిన వాళ్ళు గట్టిగా మాట్లాడితే నిశ్శబ్దంగా ఉండమని చెప్పడానికి కూడా సిగ్గుపడి, తానే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది. పిన్నికి మోకాళ్ళ నొప్పులు వచ్చి స్టేడియం మెట్లు ఎక్కలేనని చెప్పేసిన ఏడాది, బాబాయిని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం టెస్ మెడకు చుట్టుకుంది.

"మీ బాబాయి ఒక మధ్యాహ్నం బయటికి పోతే ఈ ఇంటి గోడలు కూడా ఊపిరి పీల్చుకుంటాయే. తీసుకుపో తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని పిన్ని గడప దాకా వచ్చి మరీ సాగనంపేది. తలుపు మూసుకున్నాక లోపల్నించి రేడియోలో పాట వినిపించేది.

సరస్సు ఒడ్డున ఉన్న వార్డెల్ పార్కు స్టేడియానికి నూరేళ్ళు దాటాయి. చెక్క స్తంభాలు, చెక్క బల్లలు, ఇప్పటికీ మనిషి నిచ్చెనెక్కి చేత్తో తిప్పే అంకెల బోర్డు. ఎక్కడెక్కడి నుంచో జనం దాన్ని చూడ్డానికి బస్సుల్లో వస్తారు. ద్వారం దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుంటారు. కొందరు స్తంభాన్ని ముట్టుకుని కళ్ళు మూసుకుంటారు. అలా కళ్ళు మూసుకున్నవాళ్ళు కనబడితే గెరిట్ బాబాయికి పండగే.

"ఏంటమ్మా, కరెంటు కొట్టిందా?"

"కాదండీ... ఇంత చరిత్ర ఉన్న చోటు కదా!"

"ఇదీ ఒక చరిత్రా? మా ఆవిడకి చెదపురుగు మందు అమ్మినవాడు దీన్ని చూస్తే ఆనందంతో మూర్ఛపోతాడు. ఆ స్తంభం ముట్టుకున్న చెయ్యి కడుక్కో."

ఊరి జట్టు పేరు కొంగలు. కొంగలు ఓడిపోవడం ఆ ఊళ్ళో వాతావరణంలాంటిది; దాని గురించి ఎవరూ బాధపడరు, గొడుగు మాత్రం తెచ్చుకుంటారు. బాబాయి గొడుగు కాదు, ఏకంగా వానకోటే తొడుక్కుని వచ్చేవాడు. మోకాళ్ళ దాకా వేలాడే బూడిదరంగు కోటు. రెండు జేబులూ ఆవు పొదుగులా కిందికి సాగి ఉండేవి. జూలై నెలలో, తారు కరిగే ఎండలో, చుట్టూ జనం బనియన్లతో కూర్చుని ఉంటే ఈయన ఒక్కడే వానకోటు గుండీలు పెట్టుకుని చెమటలు కక్కేవాడు.

"ఆకాశంలో మబ్బు తునక లేదు బాబాయ్. విప్పరాదూ?"

"వాతావరణం చెప్పేవాళ్ళూ ఒక మనుషులా? వాళ్ళు ఎండ అన్నారంటే నేను పడవ కూడా తెచ్చుకోవాలి."

ఆ జేబుల్లో ఏముంటుందని టెస్ ఎన్నడూ అడగలేదు. తిండి అనుకుంది. చర్చివాళ్ళు పెట్టే పాతసామాన్ల అమ్మకంలో బాబాయి అరిగిపోయిన బేస్‌బాల్ బంతులు కొంటూంటే మాత్రం, ఎందుకని ఒకసారి అడిగింది. "కుక్క కొరుక్కోవడానికి" అన్నాడు. ఆయన కుక్క పేరు జనరల్. దానికి పళ్ళూడి చాలాకాలమైంది. లేచి వెళ్ళి నీళ్ళు తాగాలా వద్దా అని సగం రోజు ఆలోచించే కుక్క బంతులేం కొరుకుతుందని టెస్‌కి అనుమానం వచ్చింది గానీ, బాబాయితో వాదించడం కంటే అనుమానంతో బతకడమే సుఖమనిపించింది. పిన్నికి ఇంకో గొడవ. చర్చికి వేసుకెళ్ళే తెల్ల బూట్లకని ఆవిడ కొనే పాలిష్ డబ్బా నెల తిరక్కుండా ఖాళీ అయిపోయేది. "ఈ ఇంట్లో తెల్ల బూట్లున్నది నాకొక్కదానికే. ఎవరు తింటున్నారే దీన్ని?" అని కేకలేసేది.

"ఇదీ ఒక పాలిషా? ఎండిపోయి ఉంటుంది" అనేవాడు బాబాయి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని.

ఇక బల్లల మూల సంగతి. స్టేడియంలో ఎడమ చివర, కంచె అవతల ఉన్న చెక్క బల్లల వరసలకి అది పేరు. అక్కడ కూర్చునేవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. అవతలి జట్టువాడు మైదానం కంచె దాటేలా కొట్టిన హోమ్ రన్ బంతి ఆ మూలలో పడితే, అది ఎవరి ఒళ్ళో పడినా సరే, వెంటనే మైదానంలోకి తిరిగి విసిరెయ్యాలి. శత్రువు బంతి మనకొద్దు. మిగతా చోట్ల జనం బంతి దొరికితే ఇంటికి తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టుకుంటారు. బల్లల మూలలో అలా చేస్తే ఇంటికి ప్రశాంతంగా వెళ్ళలేరు. "విసురు! విసురు!" అని మూల మూలంతా లేచి అరుస్తుంది. వేరుశనగ తొక్కలు పడతాయి. మూత్రానికి వెళ్ళడానికి లేచినా దారివ్వరు.

ఆ అరుపులకి పెద్ద గెరిట్ బాబాయి. అరవడంతో ఊరుకుంటే టెస్ సహించేది. బంతి దొరికినవాళ్ళు తటపటాయిస్తే చాలు, ఈయన బల్లలు దాటుకుంటూ వెళ్ళి, కోటు రెక్కలు కొట్టుకుంటుంటే గద్దలా వాళ్ళ మీద వాలిపోయేవాడు. "ఇటియ్యి! నీ చెయ్యీ ఒక చెయ్యా? చపాతీ ముద్దలా ఉంది!" అని కాసేపు పెనుగులాడి, బంతి లాక్కుని తానే మైదానంలోకి విసిరేవాడు. మూలంతా ఈలలు, కేకలు. బంతి పోగొట్టుకున్నవాళ్ళు చచ్చిన చేపల్లా కూలబడేవారు.

ఒక నన్ దగ్గర లాక్కున్నాడు. హనీమూన్‌కి వచ్చిన జంట దగ్గర లాక్కున్నాడు, పెళ్ళికూతురు వెక్కి వెక్కి ఏడుస్తుంటే పక్కనే నిలబడి "ఇదీ ఒక ఏడుపా? మా జనరల్ ఇంకా బాగా ఏడుస్తుంది" అన్నాడు. ఆ రోజు టెస్ తాను తెచ్చుకున్న నవల మొహం మీద కప్పుకుని, ఈ మనిషితో తనకే చుట్టరికమూ లేదని భూమ్యాకాశాలకు చెప్పుకుంది.

ఇంత చేసినా విచిత్రం ఏమిటంటే, క్రిస్మస్‌కి ఆయనకి బహుమతులొచ్చేవి. నన్ గారు సీసాడు రేగుపళ్ళ జామ్ పంపించింది. ఆ కొత్త జంట ఇటుకంత పండ్ల కేకు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు. "దోచుకున్నవాడికి కానుకలేమిటి బాబాయ్?" అని టెస్ అడిగితే, "తిడితేగానీ జనానికి గౌరవం తెలియదు. నువ్వెవర్నీ తిట్టవు, నీకెవరైనా జామ్ పంపారా?" అన్నాడు. టెస్ దగ్గర జవాబు లేదు. జామ్ కూడా లేదు.

అలా ఉండగా, ఆ ఆగస్టులో టెస్‌తో కాలేజీలో ఒకే గదిలో ఉన్న బ్రిట్టా ఫోన్ చేసింది. బ్రిట్టా తమ్ముడు నీల్స్, కాల్డర్ సిటీ జట్టులో ఆడతాడు. వాళ్ళు వార్డెల్ పార్కుకి ఆడ్డానికి వస్తున్నారు. నీల్స్‌కి అదే చివరి ఆట. జట్టు వాడిని వదిలేసింది. సోమవారం నుంచి ఇంటి రొట్టెల కొట్లో పని.

"ఎలాగైనా చూడాలే. టిక్కెట్టు దొరుకుతుందా?"

దొరికింది, బల్లల మూలలోనే. టెస్ ఆ ఉదయం బాబాయి ముందు నిలబడి, ముందే అద్దంలో చూసుకుంటూ రెండుమూడుసార్లు చెప్పుకున్న మాటలు అప్పజెప్పింది. "బాబాయ్, వాళ్ళ తమ్ముణ్ణి మాత్రం ఏమీ అనకు. మాటివ్వు."

"అననులేవే. నేనేమైనా రాక్షసుణ్ణా?"

నీల్స్ మొదటిసారి బ్యాటు పట్టుకుని బయటికి రాగానే రాక్షసుడు లేచి నిలబడ్డాడు. "ఇదీ ఒక ఆటగాడా? కుండీలో పెంచిన మొక్క! ఎవరక్కడ, నీళ్ళు పొయ్యండ్రా, వాడిపోతున్నాడు!"

"బాబాయ్!"

"వాణ్ణేం అన్లేదే. వాడి జట్టువాళ్ళకి సలహా ఇచ్చా."

బ్రిట్టా నవ్వడానికి ప్రయత్నించింది. పాప్‌కార్న్ బకెట్టు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, తినకుండా, తమ్ముణ్ణే చూస్తూ కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఇంకో చికాకు కూడా జరిగింది. పాత కట్టడాల పండగ వస్తోందని స్టేడియంవాళ్ళు పొద్దున్నే ముందు వరస కమ్మీకి ఆకుపచ్చ రంగు వేశారు. అది ఆరలేదు. బాబాయి దాని మీద మోచేతులు ఆనించి, లేచి చూసుకుని, "ఇదీ ఒక రంగా? మ్యూజియంలో పెట్టే పీనుగుకి లిప్‌స్టిక్కు!" అని కోటు తుడుచుకుంటూ మండిపడ్డాడు. తర్వాత జట్టు తరఫున జనాన్ని నవ్వించే కొంగ వేషగాడు గంతులేస్తూ వస్తే, ఆ కోపం వాడి మీద తీర్చుకోవడం మొదలెట్టాడు.

ఆయన కేకల చాటున బ్రిట్టా టెస్ చెవిలో చెప్పింది: "వాడు ఇన్నేళ్ళూ ఆడాడు గానీ ఒక్క హోమ్ రన్ కొట్టలేదే. ఒక్కటంటే ఒక్కటి. నిన్న ఏమన్నాడో తెలుసా? 'అక్కా, ఒక్కటి కొడితే ఆ బంతి తీసుకెళ్ళి రొట్టెల బీరువాలో పై అరలో పెట్టుకుంటా. తెల్లారే లేచి పిండి పిసికేటప్పుడు దాన్ని చూసుకుంటే చాలు. అది లేకపోతే ఇన్నేళ్ళూ ఎక్కడ తిరిగావురా అని నన్ను నేనే అడగాల్సొస్తుంది' అన్నాడు."

టెస్ బ్రిట్టా చేతి మీద చెయ్యి వేసింది. బాబాయి అటు తిరిగి కొంగని తిడుతూనే ఉన్నాడు. "ఇదీ ఒక కొంగా? బాతుకి కామెర్లొచ్చినట్టుంది!" ఎలాగూ ఎడమ చెవి పనిచెయ్యదని ఆయనే చెబుతాడు. వాళ్ళు కూర్చున్నది ఎడమ పక్కనే.

ఎనిమిదో ఇన్నింగ్‌లో నీల్స్ మళ్ళీ వచ్చాడు. బాబాయి అప్పుడే "కుండీ వచ్చింది!" అని నోరు తెరిచాడు. ఠప్‌మని చప్పుడు. బంతి పైకి లేచింది. లేచి, ఇంకా లేచి, సరస్సు మీది గాలికి కాస్త ఊగి, బల్లల మూల వైపే వచ్చింది. పచ్చి రంగు కమ్మీకి తగిలి, ఒక్క గెంతు గెంతి, సరిగ్గా బ్రిట్టా ఒళ్ళో పడింది.

బ్రిట్టా దాన్ని రెండు చేతులా పట్టుకుంది. బంతి మీద ఆకుపచ్చ చార. కింద నీల్స్ పరుగెత్తడం మరిచిపోయి, నోరు తెరుచుకుని కాసేపు నిలబడి, అప్పుడు పరుగెత్తాడు. బ్రిట్టా నవ్వుతోంది, ఏడుస్తోంది. అంతలో మూల లేచింది.

"విసురు! విసురు! విసురు!"

"మా తమ్ముడండీ కొట్టింది! మా తమ్ముడు!"

"తమ్ముడైతే మాకేంటి? మేనమామైనా విసరాల్సిందే!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. వేరుశనగ తొక్కలు వానలా పడ్డాయి. బ్రిట్టా బంతిని గుండెకి అదుముకుని ముడుచుకుపోయింది. టెస్ లేచి చేతులు అడ్డం పెట్టి "వద్దండీ, దయచేసి" అంది. ఆ గొంతు ఆమెకే వినబడలేదు.

అప్పుడు గెరిట్ బాబాయి లేచాడు.

"బాబాయ్, వద్దు. నీకు దణ్ణం పెడతా."

"తప్పుకో. ఇటియ్యమ్మాయ్! నీ చెయ్యీ ఒక చెయ్యా?"

కోటు రెక్కలు బ్రిట్టా మీద పరుచుకున్నాయి. టెస్‌కి కనబడినదల్లా బూడిదరంగు వీపు, చుట్టూ ఎగిరిన పాప్‌కార్న్. ఒక క్షణం పెనుగులాట. ఆయన లేచి, చెయ్యి వెనక్కి లాగి, బంతిని మైదానంలోకి విసిరాడు. మూలంతా పిచ్చెక్కినట్టు అరిచింది. బాబాయి దానికి వంగి నమస్కారం కూడా పెట్టకుండా, నేల మీద పడ్డ పాప్‌కార్న్ దోసిళ్ళతో ఎత్తి బకెట్లో కూరుతూ, "ఇదీ ఒక తినడమా? సగం నేలపాలు! అడుగు దాకా తిను, విన్నావా? అడుగు దాకా!" అని బ్రిట్టాని గదమాయించాడు.

బ్రిట్టా బకెట్టు పక్కకి తోసేసి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

ఆ క్షణాన టెస్ లోపల ఏదో తెగింది. పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఒక మాట అనని పిల్ల, వందలమంది మధ్య బల్లెక్కి నిలబడి, గొంతు చించుకుని అరిచింది:

"నువ్వూ ఒక మనిషివా, బాబాయ్!"

మూల చప్పబడింది. కొంగ వేషగాడు కూడా గంతు ఆపేశాడు. బాబాయి ఆమె వైపు తలెత్తి చూశాడు. ఆ చూపు ఏదో కొత్త వస్తువు కొనేముందు తిప్పి చూసినట్టుంది.

"ఇదీ ఒక తిట్టా?" అన్నాడు చివరికి. "పర్లేదు. ఇన్నాళ్ళకి గొంతు లేచింది."

మైదానంలో కొంగల జట్టువాడు ఆ విసిరిన బంతిని తీసి, తిప్పి చూసి, బల్లల మూల వైపు టోపీ అంచు ముట్టుకుని, నవ్వుకుంటూ వెనక జేబులో పెట్టుకోవడం టెస్ చూసింది గానీ, అంత కోపంలో దాని గురించి ఆలోచించలేదు. కొంగలు ఓడిపోయాయి. జనం ఇళ్ళకు బయల్దేరారు.

ద్వారం దగ్గర పెద్ద చెత్తడబ్బా ఉంది. బ్రిట్టా వదిలేసిన బకెట్టు టెస్సే మోసుకొచ్చింది. దాన్ని ఆ డబ్బాలోకి వంచబోయింది.

"ఆగు!" అని వెనకాల గావుకేక. బాబాయి డెబ్బయ్యేళ్ళ కాళ్ళతో, కోటు కాళ్ళకి అడ్డం పడుతుంటే పరుగెత్తుకొస్తున్నాడు. "ఇదీ ఒక పెంపకమా? తిండి పారేస్తారా? మీ అమ్మ నేర్పింది ఇదేనా?"

"నేలమీద పడింది కదా బాబాయ్, ఎవరు తింటారు?"

"నువ్వు తింటావు! తిను! నా ఎదురుగా తిను!"

ఇంకేం చెయ్యను, ఈయన నెత్తినే పోసేస్తాననుకుని టెస్ బకెట్టు ఎత్తింది. ఎత్తేసరికి బరువనిపించింది. పాప్‌కార్న్‌కి అంత బరువుండదు. చెయ్యి లోపల పెట్టింది. వెన్న, ఉప్పు, కింద గుండ్రంగా ఏదో. బయటికి తీసింది.

బంతి. దాని మీద ఆకుపచ్చ చార.

టెస్ బంతి వైపు చూసింది. బాబాయి సాగిన జేబుల వైపు చూసింది. ఒక జేబు ఇంకా ఉబ్బి ఉంది. రెండోది పొద్దుటికంటే చప్పగా ఉంది. నన్ గారి జామ్, పండ్ల కేకు, పళ్ళులేని జనరల్, పిన్ని పాలిష్ డబ్బా అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆమె ముందు వరసగా నిలబడ్డాయి.

"బాబాయ్... నువ్వు విసిరింది..."

"గట్టిగా అరవకే!" అని ఆయన అటూ ఇటూ చూసి, మొదటిసారిగా గొంతు తగ్గించాడు. "ఆనవాయితీ ఆనవాయితీయే. ఒక బంతి తిరిగి పోవాలి. పోయింది. ఏ బంతి పోవాలో ఎవడు చెప్పాడు?"

బ్రిట్టా ఆ బంతిని తీసుకుని, వెన్నతో సహా చెంపకి ఆనించుకుంది. తర్వాత బాబాయిని పట్టుకుని ముద్దు పెట్టబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి "ఇదీ ఒక థాంక్సా? రంగంతా నా మొహానికి పూస్తున్నావు!" అని వెనక్కి గెంతాడు.

ఆటగాళ్ళ ద్వారం దగ్గర నీల్స్ బయటికొచ్చాడు. అక్క చేతిలో బంతి చూసి దగ్గరికొచ్చాడు. మెల్లగా దాన్ని అందుకుని, వాసన చూసి, "వెన్న వాసనేంటి?" అన్నాడు.

"రొట్టెల కొట్టుకే పోతోందిగా, అలవాటవనీ" అన్నాడు బాబాయి. "అయినా ఇదీ ఒక హోమ్ రనా? గాలి మోసుకొచ్చింది."

"అవును పెద్దాయనా" అని నీల్స్ నవ్వాడు. "మంచి గాలి."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. దానికి ఏ తిట్టూ దొరక్క, పక్కనే పోతున్న కొంగ వేషగాణ్ణి పిలిచి తిట్టాడు.

ఆ తర్వాతి ఆటకి టెస్ బాబాయిని తీసుకెళ్ళడానికి వచ్చింది. పిన్ని తలుపు తీసి "తీసుకుపో తల్లీ" అంటూనే రేడియో వైపు నడిచింది. బాబాయి కోటు తొడుక్కుంటున్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. టెస్ తన సంచిలో నవల పక్కన నుంచి ఒక పాత బంతి తీసి ఆయన చేతిలో పెట్టింది. తాజాగా తెల్ల పాలిష్ వేసి ఉంది. డబ్బా ఆమే కొనుక్కుంది.

"జనరల్‌కి" అంది, నవ్వు ఆపుకుంటూ.

బాబాయి దాన్ని వెలుతురుకి పట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి, గోటితో గీరి చూశాడు.

"ఇదీ ఒక పాలిషా? పైపైన పూశావు. కుట్ల దగ్గర వదిలేశావు" అన్నాడు.

అని, జాగ్రత్తగా జేబులో వేసుకుని, పైన గుండీ పెట్టుకున్నాడు.